పచ్చమందు పోసిన రాయి

జార్జి చక్రవర్తి పట్టాభిషేకమైన మరుసటేడు మాట ఇది. కంభం చెరువు కట్టకు దగ్గర్లో ఇంజనీరు దొరలు దిగే బంగళా ఉండేది. అందులో బట్లరు శాంతయ్య. సారా ముట్టనని పాదిరిగారి ముందు బైబిలు మీద చేయి పెట్టి ప్రమాణం చేసిన మనిషి. అయినా ఆ చుట్టుపట్ల దొరలకు మందు కలపాలంటే ఆయన తర్వాతే ఎవరైనా! నాలుక మీద చుక్క వేసుకోకుండా ఒట్టి వాసనతోనే పాళ్లు పట్టేవాడు. లోకంలో ఇట్లాంటి వింతలకేం కొదవ.

ఆ యేడు వచ్చిన దొరకు ఆబ్సంత్ అనే పచ్చమందు పిచ్చి. మద్రాసు నుంచి రైల్లో వచ్చేది ఆ సీసా. మూత తీస్తే సోంపు వాసన గుప్పుమనేది. గ్లాసు మీద చిల్లుల గరిటె, గరిటెలో చక్కెర గడ్డ, దాని మీద కూజా నీళ్లు చుక్కచుక్కగా పోయాలి. పోసేకొద్దీ పచ్చటి మందు కలికుండలో గంజినీళ్లలా తెల్లబడేది. "మెల్లగా, బట్లర్" అనేవాడు దొర, కుర్చీలో వెనక్కి వాలి.

కొన్ని సాయంత్రాలు కాక్‌టెయిల్ కావాలనేవాడు. దానికి ముందు గ్లాసులో కాస్త పచ్చమందు వేసి, లోపలంతా తడిసేలా తిప్పి, మిగిలింది పారబోయాలి. ఆ తర్వాతే బ్రాందీ, చక్కెర, చేదు చుక్కలు.

పారబోసేదే శాంతయ్యకు చిక్కయింది. ఆయన కాపురం బంగళా వెనకే. భార్య కరుణమ్మ, ఆరేళ్ల కూతురు ఎలీషబా. బిడ్డ తిరిగే చోట సారా వాసన తగలకూడదని పట్టుదల. అందుకని గ్లాసు పట్టుకుని దొడ్డి చివరి దాకా నడిచి, తంగేడు పొదల కింద ఉన్న ఒక నున్నటి పలక మీద ఒంపి వచ్చేవాడు. నెలా పదిరోజులు అదే పలక మీద ఒంపాడు.

ఒకనాడు అటు గొర్రెలు తోలుకుపోతూ ఊరి కాపరి మస్తానయ్య అది చూసి ఆగిపోయాడు.

"ఏంది మామా ఆ పని? అది దొర గోరీ. మా తాత నాడు చెరువు తూము బాగు చేయించను వచ్చి, ఈడ్నే చచ్చిపోయినాడంట."

శాంతయ్య పలక దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు. పైకి మాత్రం నవ్వాడు. "చచ్చినోడు తాగుతాడా ఏందిరా, పిచ్చోడా!"

"తాగి ఊరుకుంటే బాగుండు. చచ్చినోళ్లకు మందు పోస్తే, పోసినోడి ఇంటికి చుట్టమై వస్తారు. నువ్వే పిలిచి పీట వేసినావు. ఇంక మానగూడదు మామా."

వారం తిరగకుండా దొరకు బదిలీ అయింది. పచ్చ సీసాలో నాలుగు వేళ్ల మందు మిగిలిపోయింది. శాంతయ్య దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు. పీడా పోయిందనుకున్నాడు.

మూడో రోజు మునిమాపు. కరుణమ్మ దీపం వెలిగిస్తోంది. చెరువు మీది గాలి ఆగిపోయింది. పొయ్యి మీద సంగటి ఉడుకుతోంది కానీ, ఇంట్లో సంగటి వాసన లేదు.

సోంపు వాసన.

"పాప ఒంటి నుంచే వస్తాండాది. జ్వరమేమో చూడయ్యా" అంది కరుణమ్మ.

ఎలీషబా గోడకు వెనక్కి వాలి కూర్చుని ఉంది, కాలు మీద కాలు వేసుకుని, ముందు ఒక ఖాళీ గాజు గ్లాసు పెట్టుకుని. శాంతయ్య నుదుటి మీద చేయి పెట్టాడు. చల్లగా ఉంది. చెరువు అడుగు రాయిలా చల్లగా... ముంతలో నీళ్లు తెచ్చి, బిడ్డ ముందున్న గ్లాసులో పోశాడు.

నీళ్లు తెల్లబడ్డాయి.

ఎలీషబా గోటితో గ్లాసును తట్టింది. టింగ్. టింగ్.

"మెల్లగా... బట్లర్."

పుట్టిన నాటి నుంచి 'నాయనా' తప్ప మరో పిలుపు ఎరగని బిడ్డ! ప్రార్థన మొదలుపెడితే శాంతయ్యకు మొదటి మాటే గుర్తుకు రాలేదు. కొరివితో తల గోక్కున్నది తనే. బిడ్డకు ఆ వాసన సోకకూడదని అంత దూరం నడిచి, తనే...

పరుగున బంగళాలోకి పోయాడు. సీసా తీశాడు. దొడ్డి చివరికి పోతుంటే వాకిట్లో నుంచి ఎలీషబా పిలిచింది, బిగ్గరగా కాదు, పక్కనే నిలబడి చెప్పినట్టు.

"అక్కడ లేను, బట్లర్."

శాంతయ్య ఆగలేదు. తంగేడు పొదల కింద మోకాళ్ల మీద పడ్డాడు. మూత తీసి పలక మీద ఒంపాడు. "దొరా, నీది నువ్వు తీసుకో. నా బిడ్డను నాకియ్యి. నీ కాళ్లకు మొక్కుతా..."

నీళ్లు కలపకుండానే మందు రాయి మీద పడి తెల్లబడింది. అప్పుడు వినిపించింది. రాయి కింద నుంచి. సన్నగా.

"నాయనా..."

ఆయన వంగి చెవి రాయికి ఆనించాడు.

"నాయనా... ఈడ చీకటిగా ఉండాది."

"తల్లీ! ఎలీషబా! వస్తాండా తల్లీ..." అంటూ పలకను గోళ్లతో పెకిలించబోయాడు. అది కదల్లేదు. ఏం చేయాలో తోచక మళ్లీ సీసా ఎత్తాడు. పోశాడు. ఇంకా పోశాడు.

"పోయొద్దు నాయనా... నువ్వు పోసేకొద్దీ... ఈడ ఇంకా లోతవుతాండాది."

ఆ గొంతు నిజంగానే అంతకు ముందుకన్నా దూరం నుంచి వచ్చింది.

ఆయన చటుక్కున పోయడం ఆపి సీసా నిలబెట్టాడు. ఇంటి వైపు నుంచి కరుణమ్మ కేక వేసింది. "ఏమయ్యా, ఎవరితో మాట్లాడతాండావు? పాప నా ఒళ్లోనే ఉండాది. నవ్వుతాండాది."

ఆ వెనకే గ్లాసు మీద గోటి చప్పుడు. టింగ్. టింగ్.

"ఆపొద్దు, బట్లర్."

శాంతయ్య సీసాను వాకిట్లోని దీపం వెలుగుకు అడ్డంగా పట్టి చూశాడు. పలక మీద మందు మడుగు కట్టి, పొదల వేళ్ల దాకా పారి ఉంది.

సీసాలో నాలుగు వేళ్ల మందు అట్లాగే ఉంది.