స్పేస్ బార్ మీదికి వెళ్లని వేలు

రేపల్లె పాసింజరు తెనాలి చేరేసరికి కిటికీ పక్కన శేషగిరి నిద్రపోతున్నట్టే కూర్చుని ఉన్నాడు. టికెట్ కలెక్టరు భుజం తడితే పక్కకి ఒరిగిపోయాడు. మెడ వెనక సూది గుచ్చిన ఎర్రటి చుక్క ఒక్కటే దొరికింది డాక్టర్లకి.

హంతకులు అతని బ్యాగు ఎత్తుకుపోయారు గానీ, కాళ్ల దగ్గరున్న టిఫిన్ క్యారియర్ జోలికి పోలేదు. పై గిన్నెలో పెరుగన్నం. కింది గిన్నెలో పాలిథిన్ కవరు చుట్టిన హార్డ్ డిస్క్. రేపల్లెలో కంప్యూటర్ మాస్టారి వేషంలో పనిచేస్తున్న గూఢచారి శేషగిరి ఆఖరి రిపోర్టు అది.

మర్నాడు పొద్దున ఆ క్యారియర్ ఏజెంట్ ఇర్షాద్ చేతికొచ్చింది. శేషగిరీ అతనూ ఒకే బ్యాచ్‌లో ట్రైనింగ్ అయినవాళ్లు. ఏడుపొస్తుందేమోనని ఇర్షాద్ కాసేపు ఎదురుచూశాడు. రాలేదు. కోపమూ రాలేదు. పంటి డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చాక దవడ ఉన్నట్టు లోపలంతా మొద్దుబారి ఉంది. పెరుగన్నం పులిసిపోయింది, గిన్నె కడగాలి అనుకున్నాడు, అంతే.

సెల్ మోగింది. చీఫ్ శ్రీనివాసరావు. ఓదార్పు మాటలు ఆయనకి చేతకావు, నేరుగా విషయంలోకి వచ్చాడు. విదేశీ ముఠా ఒకటి నిజాంపట్నం రేవులో ఏదో ఒక బోటులో టైమ్ బాంబు పెట్టింది. చేపల వేలానికి జనం మూగే వేళకి పేలుతుంది. పోలీసులు కనిపిస్తే ముఠా కాపలా మనిషి ముందే పేల్చేస్తాడు. అందుకే బాంబ్ స్క్వాడ్ జాలర్ల వేషంలో దిగింది. రేవు నిండా బోట్లే. ఏ బోటో తెలియాలి. ఆ బోటు ఫొటో శేషగిరి డిస్కులో ఉంది.

"డిస్క్ దెబ్బతింది ఇర్షాద్. ఆన్ చేయగానే విండోస్ తనంతట తనే చెక్ మొదలుపెడుతుంది. బాగుచేస్తానంటూ పాడైన ఫైళ్లని ఊడ్చేస్తుంది. చెక్ పడనివ్వకు."

"తెనాలివాణ్ణి సార్. అది నాకు చెప్పక్కర్లేదు."

నిజంగానే చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో తెనాలి, బాపట్ల, రేపల్లె నెట్ సెంటర్లలో కరెంటు పూటకి నాలుగుసార్లు పోయేది. వచ్చిన ప్రతిసారీ నీలం తెర లేచి, డిస్క్ చెక్ చేస్తాను, వద్దంటే పది సెకన్లలో ఏదైనా కీ నొక్కమని అడిగేది. దాన్ని చదివిన మహానుభావుడు ఒక్కడూ లేడు. తెర నీలంగా మారగానే వేలు దానంతటదే స్పేస్ బార్ మీదికి పోయేది.

"బాపట్ల ఏజెంట్ సంజన సాయానికొస్తోంది. రెండేళ్లుగా అక్కడ నెట్ సెంటర్ నడుపుతూ మనకి రిపోర్టులు పంపుతోంది. డిస్కుల పని తెలిసిన మనిషి," అని చీఫ్ ఫోన్ పెట్టేశాడు.

తెనాలి బోస్ రోడ్డులో మేడ మీది నెట్ సెంటరే వాళ్ల గూఢచారి బ్యూరో స్థావరం. ఇర్షాద్ యూపీఎస్ బ్యాటరీలమ్మే సేల్స్‌మన్ వేషంలో మెట్లెక్కాడు. అతని చేతిలోని శాంపిల్ బ్యాటరీ లోపల ఉన్నది ట్రాన్స్‌మిటర్. గదిలో మాట్లాడిన ప్రతి మాటా నిజాంపట్నంలో స్క్వాడ్‌కి వినిపిస్తుంది. తలుపు దగ్గర కానిస్టేబుల్ యలమంద బీడీ కాల్చుకునే కూలీలా కాపలా కూర్చున్నాడు.

కాసేపటికి సంజన వచ్చింది. నల్ల కళ్లద్దాలు, ఖరీదైన సెంటు, ముడిలో పొడుగాటి వెండి పిన్ను. ఇంకోరోజైతే ఇర్షాద్ కూడా రెండోసారి చూసేవాడే.

"అంగలకుదురులో కరెంటుందా?" అన్నాడు.

"వచ్చి పోయిందండి," అంది. కోడ్ సరిపోయింది.

ఇర్షాద్ డిస్క్ బిగించాడు. కీబోర్డు ముందు సంజన కూర్చుంది. స్విచ్ వేశాడు. ఫ్యాను గిర్రున తిరిగింది, తెర నీలంగా మారింది. పది. తొమ్మిది. ఎనిమిది.

సంజన నొక్కేస్తుందనే ఇర్షాద్ చూస్తున్నాడు. ఆమె చేతులు ఒళ్లో ఉన్నాయి. తెర మీది అక్షరాల్ని శ్రద్ధగా చదువుతోంది. ఐదు.

"నొక్కండి మేడమ్."

"కానివ్వండి ఇర్షాద్ గారూ. చెక్ అయితే డిస్క్ బాగుపడుతుంది."

కుడిచెయ్యి చాపాడు. ఆమె మణికట్టు పట్టేసుకుంది. పట్టు గట్టిగా ఉంది. మూడు. రెండు. అతనికి కంగారు కూడా పుట్టలేదు. ఎడమచెయ్యి దానంతటదే వెళ్లి స్పేస్ బార్ మీద పడింది. అంకె ఒకటి దగ్గర ఆగింది. నీలం తెర తప్పుకుంది.

పట్టు విడిపించుకోకుండానే మౌస్ అందుకుని ఫొటో తెరిచాడు. ఆకుపచ్చ బోటు, ముక్కు మీద ఎర్ర చేప బొమ్మ, పక్కన నంబరు. తనలో తను అనుకుంటున్నట్టు బోటు రంగూ బొమ్మా నంబరూ పైకి చదివాడు. బ్యాటరీ అంతా వింది.

మెడకి చల్లగా ఏదో తగిలింది. ముడిలోని వెండి పిన్ను. దాని మొన ఎలాంటి ఎర్రటి చుక్క పెడుతుందో అతనికి తెలుసు.

"చెరిపేయండి," అంది సంజన.

చస్తానన్న భయం వస్తుందేమోనని చూశాడు. అదీ రాలేదు. "ఆ గిన్నె ఇంకా కడగలేదండి," అన్నాడు.

అర్థంకాక ఆమె అరక్షణం తటపటాయించింది. యలమందకి ఆ అరక్షణం చాలు. పిన్ను నేల మీద పడింది.

నిజాంపట్నంలో వేలంపాట మొదటి తట్ట మీద మొదలవుతుండగా, ఆకుపచ్చ బోటు ఐసుపెట్టె కింద వైరు తెగింది. టైమరులో రెండు సెకన్లు మిగిలాయట. జనం చేపల ధర దగ్గర కొట్లాడుకుంటూనే ఉన్నారు.

ఇర్షాద్ కుళాయి కింద క్యారియర్ గిన్నెలు ఒక్కొక్కటే కడిగాడు. సాయంత్రం వాటిని శేషగిరి భార్య సీతాలక్ష్మికి అందించాలి. మూత మీద ఆమె పేరు చెక్కి ఉంది. ఆ పేరు మీద వేలు పెట్టినప్పుడు మొదటిసారి కళ్లు మండాయి. కుళాయి కట్టేసి అక్కడే కూర్చుండిపోయాడు.

సెల్ మోగింది. చీఫ్ గొంతు నీరసంగా ఉంది. ఆమె ఎలా దొరికిపోయిందని అడిగాడు.

"ద్రోహి అయినా సరే సార్, మన ఊళ్లవాళ్ల వేలు ముందు కీ మీదికి పోతుంది. ఆవిడ కూర్చుని చదివింది."

"బాపట్లలో కూర్చున్నందుకు రెండేళ్లు జీతమిచ్చానయ్యా. మరి ఎక్కడ కూర్చుందంటావ్?"

"అది తెలీదు సార్. కరెంటు పోని చోట మాత్రం ఖాయం."