ఊఁ కొట్టే గొంతు

నిరోషా కథ చదవడం మొదలుపెట్టిన రోజు నవీన్‌కుమార్ మనసు కొంచెం తేలికపడింది. బిడ్డ పోయినప్పటి నుంచి ఆమె నోరు విప్పి నాలుగు మాటలు మాట్లాడింది లేదు. వాళ్ల రెబెక్కకు ఆరేళ్లు. తాండూరులో వాళ్లుండే ఇంటి వెనక పాత నాపరాయి గని ఒకటి వాననీటితో నిండి ఉండేది. ఆ పిల్ల అందులో పడి మునిగిపోయింది. ఆ తర్వాత ఆ ఊళ్లో ఉండలేక వికారాబాద్ వచ్చి, శాంతవ్వ అనే ముసలామె ఇంటి మేడ మీద ఒక గది కిరాయికి తీసుకున్నారు. నవీన్ మాత్రం రోజూ రైలెక్కి తాండూరులో రాళ్ల పాలిష్ పనికి పోయి వచ్చేవాడు.

ఆమె చదివింది బళ్లో పాఠంగా చదువుకున్న పాత కథ. సంతలో అమ్మేసిన ఎద్దు తోవ వెతుక్కుంటూ మళ్లీ రైతు ఇంటికే వచ్చే కథ. మధ్యాహ్నం తలుపేసుకుని, ఫోన్లో రికార్డు చేసి, తన పేరుతోనే ఒక ఛానల్ తెరిచి అందులో పెట్టింది.

విన్నవాళ్లు రాసిన మాటలను నవీన్ రైల్లో కూర్చుని చదివాడు. చిన్నప్పుడు చదివిన కథ, కండ్లల్ల నీళ్లొచ్చినయి అక్కా, అని ఒకరు. 'శ'కూ 'ష'కూ తేడా తెలియకుండా కథలెందుకు చదవడం, అని ఇంకొకరు. ఫ్యాన్ బంద్ చేసి చదవమని మరొకరు. వాటి కింద ఎవరో రాశారు: 'మధ్యమధ్యల ఊఁ కొడుతున్న పాప ఎవలు? మస్తు ముద్దుగున్నది గొంతు.'

నవీన్ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. ఫ్యాన్ చప్పుడు. కాగితం తిప్పిన చప్పుడు. నిరోషా గొంతు. రైతు ఎద్దు మెడలో గంట విప్పుతున్నాడు... ఆమె ఒక్క క్షణం ఆగింది.

ఊఁ.

వెనక్కి తిప్పి మళ్లీ విన్నాడు. అమ్మ పక్కలో పడుకుని, నిద్ర ముంచుకొస్తున్నా పట్టుబట్టి ఊఁ కొట్టే పిల్ల గొంతు అది. ఎట్లా మరిచిపోతాడు?

ఆ సాయంత్రం నిరోషా అడిగింది. "అందరు పాప, పాప అని రాస్తున్నరు. నాకైతే ఏం వినబడ్తలేదు. నీకు వినబడ్డదా?"

"లేదు. ఫ్యాన్ చప్పుడే," అన్నాడు.

ఆమె అతని మొహం వంక చాలాసేపు చూసింది. మరునాడు మళ్లీ అదే కథ చదివింది. ఆ మరునాడు కూడా. ఒకే కథ ఎన్నిసార్లు చదువుతావని కొందరు విసుక్కున్నారు. కొందరు మాత్రం ఆ పాప గొంతు వినడానికే రాసాగారు. పాప ఇయ్యాల దగ్గరికొచ్చినట్టున్నది, అని ఒకామె. ఫోన్ బంద్ చేసినంక గూడ మా చిన్నోడు మూలకు కూసోని ఆ పాపతోని ముచ్చట పెడుతుండు, మీకు దండం పెడ్త, ఇది తీసెయ్యండి, అని ఇంకొకామె.

ఆదివారం ప్రార్థన అయ్యాక పూడూరు నుంచి నవీన్ తల్లి రాహేలమ్మ వచ్చింది. నిరోషా నీళ్లకు కిందికి దిగినప్పుడు నవీన్ తల్లి చెవి దగ్గర ఫోన్ పెట్టాడు. ముసలామె కళ్లు మూసుకుని విన్నది. వింటూ వింటూ ఫోన్‌ను అవతలికి నెట్టేసింది.

"రెబెక్కనే గదమ్మా?"

"గొంతు దానిదే," అంది రాహేలమ్మ గుసగుసగా. "కాని మన బిడ్డ తల్లిని అమ్మా అంటుండె. ఇది నిరోషా అని పేరు పెట్టి పిలుస్తున్నది కొడుకా... జర సక్కగ విను."

విన్నాడు. ఊఁకీ ఊఁకీ నడుమ, ఊపిరి కంటే సన్నగా... నిరోషా. నిరోషా.

నిరోషా పైకి వచ్చేదాకా ఆగి చెప్పేశాడు. "ఇగ బంద్ చెయ్యి. నాకు మొదటి దినం నుంచే వినబడ్తుంది."

నిరోషా బిందె దించింది. కోపం రాలేదు ఆమెకు. "ఎట్లున్నది గొంతు?"

"జలుబు చేసినట్టున్నది."

"నీళ్లల్లున్నది గద," అంది.

"అది మన బిడ్డ కాదంటుంది అమ్మ."

"ఎవలైతేంది? కథ వింటున్నది గద."

మరునాడు మధ్యాహ్నం తాండూరులో పని దగ్గర అన్నం గిన్నె ముందు కూర్చున్నప్పుడు నవీన్ ఫోన్ మోగింది. ఛానల్లో కొత్త రికార్డు. ఈసారి ఫ్యాన్ చప్పుడు లేదు. నిరోషా గొంతు రాతిగోడలకు తగిలి తిరిగి వస్తోంది. కింద నీళ్లు కదులుతున్నాయి...

ఎంగిలి చేత్తోనే పరిగెత్తాడు.

పాత ఇంటి వెనక గని దగ్గర ఎండకు కళ్లు చిట్లించాల్సి వస్తోంది. నాచు వాసన. నిరోషా మెట్టులా ఉన్న రాతి మీద కూర్చుని ఉంది. పాదాలు నీళ్లల్లో ఉన్నాయి. ఫోన్ ఒళ్లో ఉంది. చదవడం ఆగిపోయి ఎంతసేపయిందో. తల కాస్త పక్కకు వంచి ఏదో వింటోంది.

"నిరోషా..."

"ఊఁ."

"ఇంటికి పోదాం, లే."

"ఊఁ."

లేచి వచ్చింది. కానీ ఆ రోజు నుంచి ఆమె నోట ఇంకో మాట రాలేదు. అన్నం తింటావా అంటే ఊఁ. ఆకలైతలేదా అన్నా ఊఁ. హైదరాబాద్ తీసుకుపోయి డాక్టర్లకు చూపించాడు. పాస్టరు వచ్చి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. నవీన్ ఛానల్ మొత్తం తుడిచేశాడు. ఆమె ఫోన్‌ను రాయి పెట్టి పగలగొట్టాడు. ఏదీ పని చేయలేదు. ఆమె గోడ వైపు తిరిగి కూర్చుని, ఎవరో చెప్తుంటే విన్నట్టు, ఆగి ఆగి ఊఁ అనేది. అతను అలవాటు పడ్డాడు. అలవాటు పడక ఏం చేస్తాడు?

ఒక సాయంత్రం రైలు దిగి ఇంటికి వచ్చేసరికి శాంతవ్వ మెట్ల దగ్గర చాటలో కందులు ఏరుతోంది. అతన్ని చూసి చెయ్యి ఎత్తి ఆపింది.

"మీ ఇంటికి చుట్టాలొచ్చిండ్రా నాయినా?"

"లేదవ్వా. ఎందుకు?"

"మరి పగటిపూట కథ చెప్పేదెవలు? మీ ఆమె ఊఁ కొడ్తనే ఉంటది. చెప్పే గొంతు మాత్రం ఆమెది గాదు."

"ఏం కథ?"

"ఇయ్యాల్టిది జర విన్న," అంది శాంతవ్వ, చాటలోంచి ఒక రాయి ఏరి పక్కన పడేస్తూ. "ఒకాయన పొద్దుగూకే యాళకు రైలు దిగి ఇంటికొస్తడు. మెట్ల కాడ ఒక ముసలామె ఆయనను ఆపుతది. గంతవరకే వినబడ్డది. ఎన్క ఏమైతదో చెప్పలే."

నవీన్ తలెత్తి చూశాడు. మేడ మీద గది తలుపు వేసి ఉంది. లోపల లైటు లేదు.

తలుపు వెనక నుంచి నిరోషా మెల్లగా అంది...

"ఊఁ."