రాజీ గది

వీధి గుమ్మం ముందు జీపులు బారులు తీరి ఉన్నాయి. పెరటి గుమ్మంలో కూతురు నిలబడి ఉంది. ఒక కాలికి చెప్పు లేదు. ఎడమ చెవి మీద తువ్వాలు అదిమిపెట్టుకుంది.

ప్రచారానికి బయల్దేరే నలభైమందికి తల్లి టీ కాస్తోంది. గరిటె చేతిలోనే ఉండిపోయింది.

"బుల్లీ!... ఏమిటే ఇది? ఎవరితో వచ్చావ్?"

"కుడివైపుకి వచ్చి మాట్లాడమ్మా. ఇటు వినపడట్లేదు."

ఆ మాటకి తల్లి స్టవ్ ఆపడం కూడా మరిచిపోయి, కూతుర్ని పొదివి పట్టుకుని లోపలికి నడిపించింది. హాల్లో జెండా కట్టలు, పడగ్గదిలో పోస్టర్లు, వరండాలో మగవాళ్ళు. ఇంట్లో ఖాళీగా ఉన్నది ఒక్కటే గది. కూతుర్ని అక్కడికే తీసుకెళ్ళి తలుపు వేసింది. దాన్ని అందరూ రాజీ గది అంటారు.

ఆ గదే లేకపోతే ఇంటాయన ఈపాటికి రిజిస్ట్రారు ఆఫీసు బయట దస్తావేజులు రాసుకుంటూ ఉండేవాడు. పాతికేళ్ళ కిందట పక్కింటి ఆలుమగలు కొట్టుకుంటుంటే ఈవిడ వెళ్ళి నచ్చచెప్పింది. ఆ తరువాత ఆడవాళ్ళు ఒకరి వెంట ఒకరు రావడం మొదలుపెట్టారు. ప్రతి బుధవారం ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా కూర్చునేది. వచ్చినదాని చేత కష్టమంతా కాగితం మీద రాయించేది. మొగుణ్ణి పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టేది. గంటసేపు బతిమాలేది, వాళ్ళతోపాటు తానూ ఏడ్చేది. చివరికి ఆ కాగితాన్ని ఇద్దరి కళ్ళముందే చింపేసేది. కాగితం ఉంటే కక్ష ఉంటుందని ఆమె నమ్మకం. వాళ్ళు ముఖాలు తుడుచుకుని జంటగా వెళ్ళిపోయేవారు. వెళ్ళాక ఏమైందో ఈవిడ ఎన్నడూ అడగలేదు. ఆయన మాత్రం ఆ ఇళ్ళలో ఎన్ని ఓట్లున్నాయో అడిగి తెలుసుకునేవాడు. సంప్రదాయ పక్షంలో చేరాడు. 'కాపురం నిలబడితేనే ఊరు నిలబడుతుంది' అని గోడల నిండా రాయించాడు. మూడుసార్లు శాసనసభకు వెళ్ళాడు. ఏ ఆడదైనా విడాకులకు కోర్టు మెట్లెక్కాలంటే ముందు ఆర్నెల్లు రాజీ సంఘం ముందు కూర్చోవాలని చట్టం చేయించాడు. ఆరోజు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఆడవాళ్ళే!

ఇప్పుడు ఆయన కూతురు ఆ గదిలో, ఆడవాళ్ళు కూర్చునే బెంచీ మీద కూర్చుంది.

"నీ అల్లుడు ఇవాళ వాళ్ళ నాన్నతో కలిసి మన సభకి రమ్మన్నాడమ్మా. జ్వరంగా ఉంది, రాలేనన్నాను. అంతే... కొట్టాడు. చెవిలో ఏదో పగిలినట్టైంది. మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళను. ఇదివరకు కొట్టినప్పుడల్లా నీకు ఉత్తరం రాశాను. మూడు రాశాను. అవి తీసి నాన్నకు చూపించు. నా మాట నమ్మకపోయినా వాటి మీద తారీఖులున్నాయి."

తల్లి తల దించుకుంది.

"ఏవమ్మా ఉత్తరాలు?"

"చింపేశానే..."

"చదివావా?"

"చదివాను... చదివే చింపాను. నీ మేలు కోరే చింపాను తల్లీ! నా కడుపులో పెట్టుకుంటే సరిపోతుందనుకున్నాను! కాగితం ఉంటే..."

"కక్ష ఉంటుంది." కూతురే పూర్తిచేసింది. "ఈ గోడ అవతల కూర్చుని హోంవర్కు చేసుకున్నదాన్ని. నువ్వు ఎక్కడ ఏడుస్తావో, ఎక్కడ చింపుతావో నాకు నోటికొచ్చు."

పాతికేళ్ళలో ఆ గదిలో తల్లికి మాట రాకపోవడం అదే మొదలు.

ఇంతలో ఇంటాయన వచ్చాడు. వెనకాలే ఆవిడ తమ్ముడు. ఎన్నికల ఖర్చంతా చూసేది ఆ తమ్ముడే కాబట్టి పార్టీలో అందరూ ఖజాంచీ అంటారు. తండ్రి కూతురి చెవి చూశాడు. నేల మీద కూలబడ్డాడు. కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. ఆయన రాయి కాడు. రాయైతే బాగుండేది, రాయి బేరమాడదు.

"డాక్టర్ని ఇంటికే పిలిపిస్తానమ్మా... గుట్టుగా వచ్చి చూస్తాడు. కానీ పోలింగు పన్నెండు రోజులే ఉంది తల్లీ. ఈ పన్నెండు రోజులూ ఓర్చుకుని ఆ ఇంట్లో ఉండు. తరువాత నేను కాదంటే అడుగు!"

"పన్నెండు రోజుల్లో కుడి చెవి కూడా పోతే నాన్నా?"

ఆయన బావమరిది వైపు చూశాడు. కష్టమైన మాటలు చెప్పడానికి ఆయన దగ్గర ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు.

"ఉన్నమాట చెప్పేస్తానే బుల్లీ," అన్నాడు ఖజాంచీ. "జెండా మీ నాన్నది. కర్ర మీ మామగారు సిమెంటాయనది. ఈ జీపులు, పెట్రోలు, పోస్టర్లు, బయట తాగుతున్న టీతో సహా అన్నీ సిమెంటాయనవే. ఒక మనిషి ఇంతకు మించి చందా ఇవ్వకూడదని చట్టం ఉందా? అందుకని ఆయన తన ఫ్యాక్టరీ వాళ్ళ పేర్ల మీద ఇప్పించాడు. లారీ డ్రైవర్లు, గుమాస్తాలు, ఆఖరికి గేటు దగ్గర వాచ్‌మన్ కూడా మనకి దాతే! పాపం, వాడి చెప్పు తెగితే కుట్టించుకునే స్తోమత లేదు. ఇప్పుడు నువ్వు అల్లుడి మీద కేసు పెట్టావనుకో, సిమెంటాయన జీపులు ఆపక్కర్లేదు. ఆ వాచ్‌మన్ చేత 'నేను పైసా ఇవ్వలేదు బాబో' అని కెమెరా ముందు ఒక్క మాట అనిపిస్తే చాలు. మీ నాన్నకి ఎన్నిక పోవడమే కాదు, మనిషి కూడా లోపలికే!"

"ఆయనకి మాత్రం ముప్పు లేదా?"

"ఆయన కంపెనీ మేనేజరు మీదకి తోసేస్తాడు. మనకి తోసెయ్యడానికి ఎవరున్నారు? నేనే ఉన్నాను!"

తన జోకుకి తనే నవ్వబోయి, అక్క ముఖం చూసి ఆగిపోయాడు.

"ఇన్ని జీపులకి ఒక చెవి," అంది కూతురు. "బేరం గిట్టుబాటేలే మావయ్యా."

తండ్రి లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి, భార్య వైపు చూడకుండానే అన్నాడు. "నువ్వు చెప్పు. నీ మాట కాదనదు."

తలుపు మూసుకుంది.

ఆవిడ చెప్పనని అనవచ్చు. ఎవరూ ఆమె నోరు నొక్కలేదు, ఎవరూ ఆమె మెడ మీద కత్తి పెట్టలేదు. కూతుర్ని వెంటబెట్టుకుని పెరటి గుమ్మంలోంచి నడిచి ఆసుపత్రికి వెళ్ళవచ్చు. కానీ ఆవిడ ఆలోచించింది. ఈ వయసులో భర్త జైలుకెళ్తే ఏమైపోతాడు! నలుగురూ ఏమంటారు! పన్నెండు రోజులేగా... పాతికేళ్ళు ఎంతమందికో చెప్పిన మాటే కదా, ఇంకొక్కసారి చెబితే ఏం! ఆమె కూతురి తలను గుండెలకు హత్తుకుంది. ఏడ్చింది. దొంగ ఏడుపు కాదు. దొంగ కన్నీళ్ళను ఎవరైనా పసిగడతారు, కొంపలు ముంచేవి నిజమైన కన్నీళ్ళే.

"నా తల్లివి కదూ... నా బంగారానివి కదూ! ఈ ఇల్లు కూలితే నీకు తమ్ముళ్ళా, అన్నలా, మమ్మల్ని చూడ్డానికి ఎవరున్నారే? పన్నెండంటే పన్నెండే రోజులు! అల్లుడితో నేను మాట్లాడతాను, నీ మీద చెయ్యి పడనివ్వను! పదమూడో రోజు పొద్దున్నే నేనే వస్తాను. ఎవరు అడ్డొచ్చినా నీ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేస్తాను. నా మీద ఒట్టు బుల్లీ!"

కూతురు తల్లి చేతుల్లోంచి తల విడిపించుకుంది.

"నాన్న అడిగితే చచ్చినా వెళ్ళను," అంది చివరికి. "నువ్వు అడుగుతున్నావు కాబట్టి వెళ్తున్నా. పదమూడో రోజు పొద్దున. మర్చిపోకు."

ఆ మధ్యాహ్నమే సిమెంటాయన కొడుకుని తీసుకుని కారులో దిగాడు. అల్లుడు అత్తగారి కాళ్ళ వైపు చూస్తూ, తొందరపడ్డానన్నాడు. "పిల్లలన్నాక ఏవో చిన్న చిన్నవి ఉంటాయి చెల్లెమ్మా," అన్నాడు సిమెంటాయన టీ తాగుతూ. "అయినా కాపురాలు నిలబెట్టడంలో మీకు చెప్పేటంత వాళ్ళమా మేము!" వరండాలో కూతుర్నీ అల్లుణ్ణీ పక్కపక్కన, వెనక తల్లిదండ్రుల్నీ నిలబెట్టి ఫొటో తీయించాడు ఖజాంచీ. తల్లే కూతురి జుట్టు దువ్వి చెవి మీదకు వేసింది. రెండోరోజుకల్లా ఆ ఫొటో ఊళ్ళో ప్రతి గోడకీ ఎక్కింది. కింద పెద్ద అక్షరాలు: 'మా ఇంట్లో నిలబెట్టాం. మీ ఇంట్లో నిలబెడతాం.'

పోలింగు రోజున ఇంతకుముందు ఎన్నడూ లేనన్ని ఓట్లు పడ్డాయి.

పదమూడో రోజు పొద్దున్నే ఆవిడ సిద్ధమై గుమ్మం దాకా వచ్చింది. "ఇవాళ లెక్కింపు," అన్నాడు ఆయన. "ఇల్లంతా జనం. ఇంటి ఆడది లేకపోతే ఏం బాగుంటుంది? రేపెళ్ళు." ఆగిపోయింది. మర్నాడు మంత్రి పదవి మాట వచ్చింది. పెద్దల దగ్గర మాట్లాడేది సిమెంటాయనే. "మూడు రోజులు ఆగవే, ఇన్నాళ్ళూ ఆగినదానివి!" మళ్ళీ ఆగింది. పదిహేడో రోజు ఎవరికీ చెప్పకుండా బస్సెక్కింది.

గేటు దగ్గర వియ్యపురాలు ఎదురొచ్చింది. వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూసింది.

"మీరొక్కరే వచ్చారేం వదినా? బుల్లి ఏది?"

"అదేమిటి వదినా!... నేను దానికోసమేగా వచ్చాను!"

వియ్యపురాలు గేటు తీసి అరుగు దగ్గరికి నడిచింది.

"పదమూడో రోజు పొద్దున్నే సంచి సర్దుకుని ఇదిగో, ఈ అరుగు మీద కూర్చుంది," అంది వియ్యపురాలు నెమ్మదిగా. "ఏమే అంటే, మా అమ్మ వస్తుందంది. ఎండెక్కినా లేవలేదు. అన్నం తినమంటే, వచ్చేస్తుంది, ఇంటికెళ్ళి తింటానంది. పొద్దుగూకేదాకా అలాగే కూర్చుంది. తెల్లారి చూస్తే మనిషీ లేదు, సంచీ లేదు. మీ ఇంటికే వచ్చిందనుకున్నాం... మీ తమ్ముడికి చెబితే, అన్నయ్యగారికి పదవి వచ్చే టైములో ఇంటికి ఫోన్లు చేసి గొడవెందుకన్నాడు..."

ఆవిడ ఇంక వినలేదు. కూతురు కూర్చున్న అరుగు మీద పడి ఏడ్చింది. ఎవరూ ఓదార్చలేదు. ఓదార్చడం తెలిసిన మనిషి ఆ చుట్టుపక్కల ఆమె ఒక్కతే.

పోలీసులకు చెబుదామంటే ఇంటాయన ఒప్పుకోలేదు. పత్రికల్లో పడుతుందన్నాడు. గుట్టుగా ఇద్దరు మనుషుల్ని నాలుగు దిక్కులకూ పంపాడు. వాళ్ళు తిరిగొచ్చారు. పెద్ద చదువుకి పంపించామని బయట చెప్పుకున్నారు. "బతికే ఉంటుందక్కా," అనేవాడు తమ్ముడు. "ఆ పిల్లకి బతకడం వచ్చు." బతికే ఉందేమో. చెవికి మందు వేసేవాళ్ళెవరైనా దొరికారేమో. తల్లికి తెలియదు. తెలుసుకునే అర్హత ఆమె పోగొట్టుకుంది. ఉత్తరం వస్తుందని రోజూ గేటు దగ్గర నిలబడేది. ఎందుకొస్తుంది! ఆవిడకు రాసిన ఉత్తరాలు ఏమవుతాయో ఆ పిల్లకి తెలియనిదా!

ఆయనకు కుటుంబ సంక్షేమ శాఖ ఇచ్చారు. మూడు నెలలకు రాజీ గది మళ్ళీ తెరవాలన్నాడు. మంత్రిగారిల్లు, జనం ఎదురుచూస్తారన్నాడు. ఆవిడ సరేనంది. ఎందుకు సరేనందో ఆయనకు తెలియదు.

మొదటి బుధవారం బేకరీలో పనిచేసే పిల్ల వచ్చింది. ఇరవై మూడేళ్ళుంటాయి. మోచేతి మీద కాలిన గాయం ఉంది, అది బేకరీలో కాలింది కాదు. మొగుడు బయట స్కూటరు మీద కూర్చుని ఉన్నాడు. పిల్ల చెప్పిందంతా విని, ఆవిడ ఆమె చేతులు రెండూ పట్టుకుంది.

"అతనితో వెళ్ళకమ్మా."

పిల్ల కళ్ళు తుడుచుకుని చిన్నగా నవ్వింది. "పరీక్షిస్తున్నారు కదూ అమ్మగారూ?"

"పరీక్ష కాదు తల్లీ! ఇక్కణ్ణుంచి అటే ఆసుపత్రికి వెళ్ళు. ఆ చెయ్యి చూపించు. నేను తోడొస్తాను. ఆ ఇంటికి మాత్రం వెళ్ళకు!"

"మీరే అలా అంటే ఎలాగండీ? మా బేకరీ గోడ మీద మీ అమ్మాయిగారి ఫొటో ఉంది. రోజూ చూస్తాను. పెద్దింటి పిల్ల, అల్లారుముద్దుగా పెరిగుంటారు. ఆవిడకి మాత్రం కష్టాలుండవా? అయినా మొగుడి పక్కన ఎంత చక్కగా నిలబడ్డారు! నాకు ఏడుపొచ్చినప్పుడల్లా ఆ ముఖమే చూసుకుంటానండీ. ఆవిడ సర్దుకున్నప్పుడు నాదేం గొప్ప!"

"ఆమె లేదమ్మా! వెళ్ళిపోయింది! చెవి పగిలి ఇంటికొస్తే, నేనే... నేనే ఏడ్చి బతిమాలి వెనక్కి పంపాను! వస్తానని చెప్పి వెళ్ళలేదు!..."

కేకలు విని తమ్ముడు గుమ్మంలోకి వచ్చాడు. "అక్కకి ఒంట్లో బాగుండట్లేదమ్మా. కూతురు దూరాన చదువుకుంటోందని బెంగ. ఏదో ఒకటి అంటూ ఉంటుంది."

"అయ్యో, ఉండదా మరి," అంది పిల్ల జాలిగా. ఆవిడ చేతుల్లోంచి తన చేతులు మెల్లగా విడిపించుకుని, ఆవిడ భుజం నిమిరింది. "వచ్చేస్తారులెండి అమ్మగారూ. మీరు ధైర్యంగా ఉండాలి. మీ మొహం చూసే కదా మాలాంటివాళ్ళం బతుకుతున్నది!"

వెళ్ళి స్కూటరు వెనక కూర్చుంది. కాలిన చెయ్యి తగలకుండా రెండో చేత్తో మొగుడి భుజం పట్టుకుంది. స్కూటరు వీధి మలుపు తిరిగింది.

తమ్ముడు రెండో మనిషిని లోపలికి పంపాడు. నడివయసు ఆవిడ. బెంచీ చివర కూర్చుని, ముఖం తుడుచుకుని, ఏం చెబితే అది చెయ్యడానికి సిద్ధంగా చూసింది.

"మా అమ్మాయి వెళ్ళిపోయిందమ్మా," అని తల్లి మళ్ళీ మొదటినుంచి చెప్పసాగింది.