సిలువలు ఎత్తినవాడు

1997వ సంవత్సరం. వానలు వెనకబట్టాయి. క్రిస్మస్‌కు ఇంకో పది రోజులుంది.

సాన్ హసింతో తీరంలో ఏడాది మొత్తానికీ అదే మంచి కాలం. ఎండ మెత్తగా ఉంటుంది, యాత్రికుల బస్సులు ఇంకా రావు. ఫిదెన్సియో హోటల్ ముందు ఇసుకలో కూర్చుని కుర్చీలకు తెల్ల రంగు వేస్తున్నాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. ఆ హోటల్లో కుళాయి బాగుచేసేదీ, పైకప్పుకు ఆకు కప్పేదీ, ఒడ్డు ఊడ్చేదీ అతనే. భార్య పోయి పదకొండేళ్ళు. పిల్లలు లేరు. కొబ్బరి చెట్ల వెనక ఆకుల గుడిసెలో ఒక్కడే ఉంటాడు. ఊళ్ళో అందరూ పేరు పెట్టే పిలుస్తారు. నాన్నా అనో, మామా అనో వరస పెట్టి పిలిచే నోరు ఒక్కటీ మిగల్లేదు.

హోటల్ యజమాని బల్తసార్ చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చాడు.

"ఏమయ్యా, పడమటి కొసన ఆ సిలువలు పీకెయ్యాలి."

"ఏ సిలువలు?"

"ఎన్ని రకాలున్నాయేంటి? ఆ ఏడూ. ఎల్లుండి రాజధాని నుంచి పత్రికాయన వస్తున్నాడు. భయం లేకుండా వెళ్ళదగిన తీరాలేవో జాబితా రాస్తాడట. బస్సు దిగీ దిగగానే శ్మశానం చూపిద్దామా?"

పడమటి కొసన రెండు నల్ల బండల మధ్య అల విరగదు. చుట్టూ నురగ లేస్తుంటే అక్కడ మాత్రం నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు ఉంటాయి. ఒడ్డుకు వచ్చిన నీరంతా తిరిగి లోపలికి లాగేది ఆ దారినే. ఊళ్ళో దాన్ని గొంతు అంటారు. అక్కడ హెచ్చరిక బోర్డు లేదు. మునిగినవాళ్ళ కోసం బంధువులు నాటిన సిలువలే బోర్డు. ఊరికి వచ్చేవాళ్ళు దొంగల గురించి అడుగుతారు, చీకటి పడ్డాక వీధిలో తిరగొచ్చా అని అడుగుతారు, గ్లాసులో నీళ్ళు మంచివేనా అని అడుగుతారు. సిలువలు చూస్తే తప్ప సముద్రం గురించి ఎవరూ అడగరు.

"నాటిన సిలువ నేల నుంచి ఎత్తాలంటే తొమ్మిది రోజుల ప్రార్థన జరగాలి దొరా," అన్నాడు ఫిదెన్సియో. "ఎత్తినవాడు పోయినవాళ్ళకు జ్ఞానతండ్రి అవుతాడు, కన్నతండ్రి లెక్క. వాళ్ళ మంచిచెడ్డలన్నీ ఆ తర్వాత అతనివే."

"అయితే అవ్వు! ఒక్క పూటలో ఏడుగురు పిల్లలు. ఈ వయసులో ఎవడికి దక్కుతుందయ్యా ఆ అదృష్టం?" బల్తసార్ పొట్ట ఊగేలా నవ్వాడు. వెళ్ళబోతూ ఆగాడు. "ఇంకో మాట. సముద్రం ఎలా ఉందని ఎవరడిగినా, శాంతంగా ఉంది అను. నీకు నోరు రాకపోతే చెప్పు, అనేవాణ్ణి పెట్టుకుంటాను."

మధ్యాహ్నం ఎండలో ఫిదెన్సియో ఒక్కడే వెళ్ళి సిలువలు పీకాడు. ప్రార్థన లేదు, తోడు లేదు. సిలువను కాల్చడానికి చేతులు రాలేదు. ఏడింటినీ పాత దుప్పట్లో చుట్టి, మోసుకొచ్చి గుడిసెలో గోడకు ఆనించాడు. రెండు రొట్టెలు, ఇన్ని చిక్కుడు గింజలు తిని వల ఊయలలో వాలాడు.

ఊరంతా కునుకు తీసే వేళ. కాకి కూడా అరవడం లేదు. రెప్పలు పడుతుండగా ఒక వాసన వచ్చింది. ఎండకు కుళ్ళిన నాచు వాసన. ఆకుల గోడకు అవతల ఇసుక నలిగింది. తడి బట్ట నుంచి నీళ్ళు కారుతున్న చప్పుడు. టప్... టప్...

"జ్ఞానతండ్రీ..."

గుసగుసగా, కుర్ర గొంతు. ఫిదెన్సియోకు ఒళ్ళు జలదరించాలి. జలదరించలేదు. పదకొండేళ్ళ తర్వాత తనను ఎవరో వరస పెట్టి పిలిచారు. ఆ పిలుపు గుండెలో వెచ్చగా దిగింది.

"ఏం నాయనా," అన్నాడు సగం నిద్రలో.

"మా చోటు లేదు... మేమెక్కడ నిలబడాలి?"

"అక్కడే ఉండండి. ఆ నీళ్ళ దగ్గరే."

లేచి చూసేసరికి గోడ పక్కన ఇసుక తడిగా ఉంది. కల అనుకున్నాడు. కల అయినా బాగుందనుకున్నాడు.

మర్నాడు పొద్దు వాలుతుండగా ఓతిలియా ఈతకు వచ్చింది. ప్యూబ్లా నగరంలో బడిపంతులమ్మగా చేసి మానేసిన మనిషి. ఒంటరిది. మూడేళ్ళుగా జనం రాకముందే వచ్చి వారం ఉండి వెళ్తుంది. ఆ రోజు హోటల్లో ఉన్న అతిథి ఆమె ఒక్కతే.

"ఏమోయ్ ఫిదెన్సియో, ఆ రంగు కుర్చీకా, నీ ప్యాంటుకా?"

"కుర్చీకి మిగిలిందే ప్యాంటుకు, టీచరమ్మా."

"నా దగ్గర చదివుంటే గీత దాటకుండా వెయ్యడం నేర్పేదాన్ని." నీలం ఈతబట్టల మీద తువ్వాలు సర్దుకుంది. "ఇవాళ సముద్రం ఎలా ఉంది?"

అతను తల ఎత్తలేదు. ఎత్తితే ఆ మాట రాదు. "శాంతంగా ఉంది."

"ఆ చివర సిలువలుండేవి కదూ?"

"తీయించారు."

"పోనీలే, బాగుపడిందన్నమాట. అంతమంది హాయిగా నిలబడ్డారుగా!" తువ్వాలు కుర్చీ మీద పడేసి నడిచింది.

కుంచె నాలుగుసార్లు పైకీ కిందికీ ఆడింది. ఆగింది.

అంతమంది ఎవరు?

ఫిదెన్సియో చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. గొంతులో ఏడుగురు నిలబడి ఉన్నారు. ఛాతీ లోతు నీళ్ళలో. ముగ్గురు మనుషులు ఒకరి మీద ఒకరు నిలబడ్డా తల తేలని చోట. ఒడ్డుకు వీపు పెట్టి ఉన్నారు. నీళ్ళు ఉబ్బి తగ్గాయి... వాళ్ళు లేవలేదు, దిగలేదు.

ఓతిలియా మోకాళ్ళ లోతు దాటింది. వాళ్ళకు చెయ్యి ఊపుతోంది.

"టీచరమ్మా! వద్దు!"

అలల హోరు. ఆమెకు వినపడలేదు. అతను పరిగెత్తాడు. ఇసుక కాళ్ళు లాగేస్తోంది. ఆమెకు నడుము దాకా నీళ్ళు. అతనికి ఊపిరి అందడం లేదు. ఆమెకు భుజాల దాకా... ఒక్కసారి వెనక్కి తిరిగింది. నవ్వు ముఖమే. కాలి కింద నేల లేదని అప్పుడే తెలిసినట్టుంది. నోరు తెరిచింది.

తల కనపడలేదు.

ఫిదెన్సియోకు ఈత రాదు. నడుము లోతులో నిలబడి, ఉన్న ఒక్క అధికారంతో అరిచాడు.

"నేను మీ జ్ఞానతండ్రిని! బయటికి రండి! ఆమెను తీసుకుని రండి... నా ఇంటికి రండి!"

ఏడు తలలూ ఒకేసారి తిరిగాయి.

వాళ్ళు వచ్చారు. తొందర లేకుండా, ఒకరి వెనక ఒకరు. అతన్ని రాసుకుంటూ పోతుంటే చలి వేసింది. ఎవరి ముఖమూ చూడలేదు, లెక్కపెట్టాడు. ఐదు, ఆరు, ఏడు...

ఎనిమిది.

నీలం ఈతబట్టలు. తడి జుట్టు. ఫిదెన్సియో ఏడుస్తూ నవ్వాడు. "ప్రాణం తీశావు కదమ్మా! పద, కాఫీ పెడతాను..." అంటూ వెనకే నడిచాడు. ఆమె పలకలేదు. అలిసిపోయింది పాపం, అనుకున్నాడు.

గుడిసె ముందు ఎనిమిదిమందీ పక్కకు తప్పుకుని నిలబడ్డారు, ఇంటిపెద్దకు దారి ఇస్తున్నట్టు. అతను లోపలికి అడుగు పెట్టాడు.

అప్పుడే ఒడ్డు నుంచి బల్తసార్ కేక వినపడింది. "పడవ దింపండి! గొంతులో ఎవరో కొట్టుకుపోతున్నారు... ఆ నీలం బట్టలు! టీచరమ్మే!"

ఫిదెన్సియో ద్వారబంధం మీద చెయ్యి వేసి మెల్లగా తిరిగాడు. ఓతిలియా చాలా దగ్గరగా ఉంది. నాచు వాసన. మూడేళ్ళు అతన్ని ఏమోయ్ అని పిలిచిన గొంతు గుసగుసగా అంది.

"తలుపు వెయ్యకు, జ్ఞానతండ్రీ... ఇంకొకరు వస్తున్నారు."

ఓతిలియా శవం నాలుగో రోజున రెండు ఊళ్ళ అవతల ఒడ్డుకు చేరింది. ఆమె వయసు అరవై ఒకటి.