బొట్టు పెట్టిన స్పీకరు

సినిమా హాలు మైకులోంచి దేవుడి పాట వస్తే చెప్పులు విప్పాలా, అక్కర్లేదా? చిన్నప్పటినుంచీ నాకు తేలని సందేహం ఇది. పూజారిగారిని అడిగితే, "ఆ టైముకి నువ్వు హాలు దగ్గర ఎందుకున్నావు?" అని తిరిగి అడిగారు.

తణుకు దగ్గర మా ఊళ్ళో ఒకటే హాలు. మొదటి ఆటకి టికెట్లు ఇచ్చేముందు, సరిగ్గా ఆరింటికి, పైన మైకులో దేవుడి పాట వేసేవారు. మా వీధి ఆడవాళ్ళు ఆ పాట వినే సంధ్యదీపం పెట్టేవారు. గడియారాలు లేక కాదు, అలవాటు.

1997 శ్రావణంలో ఒక ఆదివారం, మబ్బు పట్టిన మధ్యాహ్నం మూడింటికి ఆ పాట మోగింది. కళ్ళలో శుక్లాలున్న మా అమ్మ మాణిక్యాంబ దీపం పెట్టేసి, "సంధ్యవేళ పడకేంట్రా శశీ" అని నన్ను లేపి కూర్చోబెట్టింది. వీధిలో మరో నాలుగు దీపాలు వెలిగాయి.

తగువుకి హాలుకి వెళ్ళాను. తెర వెనక మనిషి ఎత్తు స్పీకరు. దాని ఇనుప హారన్‌లో తల దూర్చి ఒకమ్మాయి ఉంది.

"పాట వేసింది ఎవరండీ?"

"నేనే. పై మైకు టెస్ట్ చేశాను. బాగా వినబడిందా?"

"వినబడబట్టే వచ్చాను. మా అమ్మ మూడింటికే దీపం పెట్టేసింది."

"అయితే ఏంటండీ? ఇంకా టైము కాలేదని దేవుడు తలుపేసుకున్నాడా?"

తల బయటికి తీసింది. చెంప మీద గ్రీజు మరక. అప్పుడే వాన అందుకుంది. పైన రేకుల చప్పుడులో నేనేం బదులిచ్చానో నాకే వినబడలేదు.

పేరు ఫణిశ్రీ. రాజమండ్రిలో పాలిటెక్నిక్ చదివింది. తండ్రి చలపతిగారు హాళ్ళలో సౌండు సామాను బాగుచేస్తారు. హాలు ఓనరు పల్లంరాజుగారు వాళ్ళకి పది రోజులు గడువిచ్చారు. ఈలోగా ఆ స్పీకరు పలికితే ఉంటుంది, లేదా పాత ఇనుముకి పోతుంది, వీళ్ళు రాజమండ్రి పోతారు. లోపల డయాఫ్రం అనే పల్చటి రేకు చిరిగింది. మద్రాసులో ఒక పాత కొట్టుకి నంబరు వేసి ఉత్తరం రాస్తే పంపుతారు. ఆ నంబరు ఆమె దగ్గరున్న నలభై ఏళ్ళనాటి కేటలాగులో ఉంది.

"మా సొసైటీ ఆఫీసులో టైపు మెషిన్ ఉందండి. ఉత్తరం నేను కొట్టి పంపిస్తాను," అన్నాను.

"ఇంగ్లీషు వచ్చా?"

"టైపు కొట్టడం వచ్చండి."

నవ్వి కేటలాగు ఇచ్చింది. "పేజీ నలిగిందో, మీ పని చెబుతాను."

పేజీ నలగలేదు. నున్నటి కాగితం మీద హారన్ బొమ్మని అమ్మ శంఖమనుకుంది. కేటలాగుని దేవుడి దగ్గర పెట్టి ఆ బొమ్మకి కుంకుమ బొట్టు పెట్టింది. మర్నాడు కళ్ళకద్దుకుని తీసుకెళ్ళి ఉత్తరం కొట్టాను.

తొమ్మిదో రోజున పార్సిలు వచ్చింది. రేకు పట్టలేదు. ఫణిశ్రీ కేటలాగు తీసి బొట్టుని వేలితో తుడిచింది.

"ఇది ఎనిమిదండీ. మీరు మూడు కొట్టారు."

బొమ్మ పక్కనున్న నంబరులో సగం ఎనిమిది కుంకుమ కింద ఉండిపోయింది. "రేపు ఇనుప కొట్టువాడు వస్తాడు," అన్నారు పల్లంరాజుగారు. ఫణిశ్రీ స్క్రూడ్రైవర్లు సంచిలో వేసుకుంటోంది. ఇంకో పది రోజులు ఇప్పించు స్వామీ, కొబ్బరికాయ కొడతాను అని మొక్కేశాను. కళ్ళు తెరిస్తే ఎదురుగా స్పీకరే ఉంది.

పరుగెత్తుకెళ్ళి అమ్మని తీసుకొచ్చాను. సినిమా హాల్లో ఆవిడ అడుగుపెట్టడం అదే మొదటిసారి.

"రాజుగారూ, బొట్టు పెట్టిందాన్ని పాత ఇనుముకి వేస్తారా?"

"మీరు పెట్టింది బొమ్మకే కదండీ?"

"గుళ్ళో మాత్రం మనం పెట్టేది దేనికండీ?"

రాజుగారు ప్రతి శుక్రవారం ప్రొజెక్టరుకి హారతిచ్చే మనిషి. చెమట తుడుచుకుని, మరో పది రోజులన్నారు.

అందరూ వెళ్ళాక ఫణిశ్రీ నన్ను ఆపింది. "నిజం చెప్పండి. మేము ఇంకా ఉంటామని కావాలనే తప్పు కొట్టారా?"

"లేదండి, ఒట్టు."

"అంత తెలివి లేదా?"

"లేదండి."

"ఉంటే బాగుండేది," అంది, సంచిలోంచి స్క్రూడ్రైవర్లు మళ్ళీ తీస్తూ.

నాకు అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. "పోనీ, ఈసారి తప్పు కొట్టమంటారా?"

"ఈసారి సరిగ్గా కొట్టండి. నేనుండే సంగతి మా నాన్నగారిని అడగండి."

స్పీకరు పలికిన రోజునే అడిగాను. "అమ్మాయికి వంట అంతంతమాత్రమే బాబూ," అన్నారు చలపతిగారు. "మా మిక్సీ పాడై ఏడాదైందండి," అంది అమ్మ. అలా కుదిరింది.

మొక్కు మాత్రం ఉండిపోయింది. ఏ దేవుడికో పేరు చెప్పలేదు. స్పీకరు ముందు కొబ్బరికాయ కొడితే జనం నవ్వుతారు. అలా తొమ్మిదేళ్ళు గడిపాను.

2006లో హాలుకి కొత్త సౌండు పెట్టారు. పాత స్పీకరు ట్రక్కు ఆటోలో మా ఇంటికే దిగింది. "బొట్టు పెట్టిందాన్ని అమ్మలేను, మీరే ఉంచుకోండి" అని రాజుగారి కబురు. స్నానం చేసి, దాని ముందు కొబ్బరికాయ కొట్టాను.

ఫణిశ్రీ వచ్చి చూసింది. "సినిమావాళ్ళు మొదట్లో కొడతారండీ. మీరేంటి ఇద్దరు పిల్లలు పుట్టాక?"

సంగతంతా చెప్పాను. హారన్ మీద చెయ్యేసుకుని నవ్వింది. తరవాత ఒక చెక్క దాని ముందే ఉంచి, రెండోదానితో ఆ పూట పచ్చడి చేసింది.