భూతం మిషన్‌కి బిళ్ల వేసేదెవరు

“దర్వాజా మత్ ఖోలో” అని వెనకాల నుంచి ఒక ఆడగొంతు గట్టిగా వినబడేసరికి, వీడియో గేమ్ హ్యాండిల్ పట్టుకున్న బలరామ్ చెయ్యి అక్కడికక్కడే ఆగిపోయింది. తెర మీద కొవ్వొత్తి పట్టుకుని నడుస్తున్న బొమ్మ మనిషి కూడా తలుపు ముందు ఆగిపోయాడు. ఆ తలుపు తీసి ఉంటే జుట్టు విరబోసుకున్న దెయ్యం మీద పడేది. ఆట అయిపోయేది. బలరామ్ తిట్టుకుంటూ ఇంకో రూపాయి బిళ్ల తీసేవాడు.

ఆ ఇంకో బిళ్ల గురించే పోలరాజుకి కోపం వచ్చింది. కౌంటరు దగ్గర నుంచి లేచి చూశాడు. వాన తప్పించుకోవడానికి లోపలికి వచ్చిన పిల్ల ఎవరో, మడిచిన గొడుగు నుంచి నేలంతా నీళ్ళు కారుస్తూ, మగపిల్లల గుంపు వెనకాల మునివేళ్ళ మీద నిలబడి తెర వంక చూస్తోంది. షాపు మనది, నేల మనది, నష్టం కూడా మనదే అనుకుంటూ పోలరాజు దగ్గరికి వెళ్ళి, ఆడేవాళ్ళని ఆడనివ్వమని హిందీలో కసిరాడు.

ఆ పిల్ల తెలుగులో జవాబు చెప్పింది.

“మీ హిందీ ఇంటేనే తెలిసిపోతంది. టెక్కలి వైపేటండి మీరు?”

“పలాస,” అన్నాడు పోలరాజు. ఎందుకో తగ్గినట్టనిపించి, “ఆడేవోళ్ళకి దారి చెప్పకూడదండి,” అని కలిపాడు.

“ఆ తలుపు తీత్తే సచ్చిపోతాడు గదండీ. చూత్తా ఊరుకోమంటారా?”

“ఆడు సత్తేనే గదండీ మా షాపు బతుకుతాది.”

ఆమె నవ్వేసింది. ఆ నవ్వుతో పోలరాజు కోపం సగం పోయింది. మిగతా సగం, వాన తగ్గగానే ఆమె గొడుగు విప్పుకుని వెళ్ళిపోయినప్పుడు వాన మీదికి మళ్ళింది. జంషెడ్‌పూర్ వాన మామూలుగా పట్టిందంటే వదలదు. ఆ రోజు దానికేం తొందర వచ్చిందో తెలియదు.

ఇది ఎనభై ఎనిమిదో సంవత్సరం సంగతి. కద్మా బజార్లో ఆ వీడియో గేమ్ షాపు పోలరాజు మేనమామ ఆదిబాబుది. స్టీలు కంపెనీలో లేబర్ కాంట్రాక్టులు చేసే ఆదిబాబు, డిగ్రీ పాసై ఇంట్లో కూర్చున్న మేనల్లుణ్ణి రప్పించి, ఈ కుర్చీలో కూర్చోబెట్టాడు. షాపులో మిషన్లు మూడు. ఒకటి కార్ల రేసు. ఒకటి ఆకాశంలో ఓడల్ని కాల్చేది. మూడోది, కలకత్తా డీలరు నచ్చితే ఉంచుకోమని పంపినది, పాడుబడ్డ మేడలో చేతిలో కొవ్వొత్తితో ఒంటరిగా తిరిగే ఆట. కాల్చడానికి తుపాకీ లేదు. పరిగెత్తితే కొవ్వొత్తి ఆరిపోతుంది. చెవులు రిక్కించి, మెట్టు మెట్టుకీ ఆగి ఆడాలి. దాని అసలు పేరు ఇంగ్లీషులో ఏదో ఉంది కాని, కద్మా కుర్రాళ్ళు భూత్ వాలా అన్నారు. తెలుగువాళ్ళు భూతం మిషన్ అన్నారు.

విచిత్రమేమిటంటే, జనమంతా ఎప్పుడూ భూతం మిషన్ దగ్గరే ఉండేవారు. అవతలి పేట సోనారి నుంచి స్కూటర్ల మీద ముగ్గురేసి ఎక్కి వచ్చేవారు. టీ కొట్టు దగ్గర కూడా మేడలో ఎవరెంత దూరం వెళ్ళారన్న మాటే. కాని రాత్రి షాపు కట్టేముందు డబ్బా విప్పి చూస్తే, మూడింటిలోకీ దాని డబ్బాయే తేలిగ్గా ఉండేది.

“ఊరంతా దీని పేరే సెప్తారు. డబ్బాలో మాత్రం ఏటీ ఉండదేటిరా?” అన్నాడు ఆదిబాబు ఒకరోజు. విశ్వకర్మ పూజ దాకా చూస్తానని, తరవాత వెనక్కి పంపించేసి ఇంకో కార్ల మిషన్ తెప్పిస్తానని తేల్చి చెప్పాడు. పూజ వారం దాటితే డీలరు వెనక్కి తీసుకోడట.

పోలరాజుకి దిగులు పట్టుకుంది. డబ్బు పోతుందని కాదు. ఆ గొడుగు పిల్ల పేరు జగదాంబ అని, రోడ్డు అవతల టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పిస్తుందని అప్పటికే వాకబు చేశాడు. మధ్యాహ్నం బ్యాచికీ సాయంత్రం బ్యాచికీ మధ్య ఆమె రోజూ వస్తోంది. కార్ల వంక కన్నెత్తి చూడదు. సూటిగా భూతం దగ్గరికే. భూతం పోతే ఇక ఆమె రావడానికి కారణం లేదు. షాపులో ఇంకేదైనా కారణం ఉందని నమ్మేంత ధైర్యం పోలరాజుకి లేదు.

అందుకని అభిమానం చంపుకుని ఆమెనే అడిగాడు.

“ఆట బాలేదేటండి?”

“బాలేకపోతే ఇంతమంది నిలబడతారా?”

“మరి బిళ్లెందుకెయ్యరు?”

జగదాంబ ఈ సంగతి ముందే ఆలోచించినట్టుంది. కార్ల ఆట మజా చేతిలో ఉందని చెప్పింది. స్టీరింగ్ పట్టుకుంటే తప్ప దక్కదు, పక్కవాడు తిప్పుతుంటే చూడ్డం విసుగు. భూతం మజా కళ్ళలోనూ చెవుల్లోనూ ఉంది. బలరామ్ ఒక్కడు బిళ్ల వేస్తే వెనకాల ఉన్నవాళ్ళందరికీ గుండె దడ ఫ్రీ. ఇంక ఎవడు జేబులో చెయ్యి పెడతాడు?

“ఇంకోటుంది,” అంది. “కారు గుద్దేత్తే అందరూ నవ్వుతారు, అయిపోద్ది. ఇక్కడ ఆడతా ఆడతా కెవ్వుమన్నాడనుకోండి, రేపు డ్యూటీలో అందరూ ఆణ్ణి చూసి కెవ్వుమంటారు. భూతానికి ఎవుడూ భయపడడండి. సిగ్గుకి భయపడతారు.”

పోలరాజు బలరామ్ వంక చూశాడు. బలరామ్ కంపెనీలో అప్రెంటిస్. ఆ మాటలు అర్థం కాకపోయినా తన గురించేనని పసిగట్టి, “క్యా హువా?” అన్నాడు. ఏమీ లేదన్నాడు పోలరాజు.

మర్నాడే మిషన్ చుట్టూ నల్ల తెర కట్టించాడు. లోపల ఒక్కరే ఆడాలి, బయటికి ఎవరికీ కనబడదు, భయపడ్డా ఎవరూ చూడరు. ఆలోచన బాగానే ఉంది. బలరామ్ ఛాతీ విరుచుకుని మొదట వెళ్ళాడు. కాసేపటికే బయటికి వచ్చి, ఇంటి దగ్గర అర్జెంటు పని గుర్తొచ్చిందన్నాడు. రెండోవాడికీ పని గుర్తొచ్చింది. ఆ వారమంతా కద్మాలో పనీపాటా లేని కుర్రాళ్ళందరికీ పనులు గుర్తొచ్చాయి. ఒంటరిగా ఉంటే నిజంగానే భయం వేస్తోంది. గుంపుగా ఉంటే భయం సరదా, కాని గుంపులో బిళ్ల ఒక్కడిదే.

తెర లోపలికి ధైర్యంగా వెళ్ళింది జగదాంబ ఒక్కతే. పేరుకి తగ్గ పిల్ల అనుకున్నాడు పోలరాజు. కాని ఆమెకి మేడలో ప్రతి గదీ తెలిసిపోయింది. ఒక్క బిళ్లతో సాయంత్రం బ్యాచ్ వేళ దాకా తిరుగుతుంది. ఆ ఆటని అందరికంటే ఎక్కువ ప్రేమించిన మనిషి అందరికంటే తక్కువ ఖర్చు పెడుతోందని గ్రహించాడు పోలరాజు.

ఒకరోజు ఆమె తెర తొలగించుకుని బయటికి వచ్చింది. ముఖం అదోలా ఉంది. పై అంతస్తులో చివరి తలుపు తీశానంది. కార్ల ఆట దగ్గరున్నవాళ్ళంతా చుట్టుముట్టారు. దాని వెనకాల ఏముందని ఎంత అడిగినా చెప్పలేదు. “ఖుద్ జాకే దేఖో,” అని, ఎవరికి వాళ్ళే వెళ్ళి చూసుకోమని గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

ఇంట్లోనూ చెప్పలేదట. తన నాన్న నీలకంఠం టాటానగర్ స్టేషన్లో పార్సిల్ క్లర్కని, డ్యూటీ దిగి రాగానే ఇవాళ మేడలో ఎందాకా వెళ్ళావని అడుగుతాడని, మిషన్ మొహం చూడకుండానే మెట్లు, గదులు అన్నీ ఆయనకి కంఠతా వచ్చేశాయని ఆమే చెప్పింది. బిళ్ల వేయకుండా ఆనందించేవాళ్ళలో ఇంకొకాయన అనుకున్నాడు పోలరాజు.

లాభం లేదని పోలరాజు నల్ల తెర తీసేయగానే గుంపు మళ్ళీ వచ్చింది. ఈసారి కొంత తేడా. ఆ చివరి తలుపు వెనకాల ఏముందో చూడాలని బలరామ్, సోనారి వాళ్ళు ఇద్దరు ముగ్గురు నిజంగానే బిళ్లలు వేశారు. ఎవరూ అంత దూరం వెళ్ళలేకపోయారు. డబ్బా కాస్త బరువెక్కింది కాని, ఆదిబాబు మనసు మారేంత కాదు.

విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు జంషెడ్‌పూర్‌లో ఏ మిషనూ తిరగదు. కంపెనీలో పెద్ద మిషన్ల నుంచి సైకిలు రిపేరువాడి పానా దాకా అన్నిటికీ బొట్టు, దండ, సెలవు. పోలరాజు కూడా మూడు మిషన్లూ తుడిచి, దండలు వేసి, కరెంటు కట్టేశాడు. ప్రసాదానికి వచ్చినవాళ్ళు బూందీ పొట్లాలు తీసుకుని వెళ్ళిపోయారు. ఆడేందుకు లేదు కనక గుంపు లేదు.

జగదాంబ వచ్చి భూతం మిషన్ ముందు నిలబడింది. నల్లటి అద్దంలో ఆమె ముఖం కనిపించింది. ప్రసాదం ఇవ్వడానికి వెళ్ళిన పోలరాజు ముఖం ఆ పక్కనే కనిపించింది. ఇద్దరూ అద్దంలోనే ఒకరినొకరు చూసుకున్నారు. ఇన్నాళ్ళకి చుట్టూ ఎవరూ లేరు. చెప్పవలసిన మాట గొంతు దాకా వచ్చింది.

“రేపు పంపించేత్తన్నారట గదా,” అంది ఆమె.

“ఔనండి.”

“ఇంకేటీ సెప్పరా?”

“బూందీ తీసుకోండి,” అన్నాడు పోలరాజు.

జగదాంబ పొట్లం అందుకుంది. కోపంగా లేదు, ఉన్నమాట చెబుతున్నట్టే అంది: “మీకూ ఆ గుంపుకీ తేడా లేదండి. వెనకాల నిలబడి చూత్తారు. బాగుందనుకుంటారు. బిళ్ల మాత్రం ఎయ్యరు.”

ఆమె వెళ్ళాక పోలరాజు ఆ చీకటి అద్దంలో తన ముఖం చాలాసేపు చూసుకున్నాడు. తనంటే తనకి ఒళ్ళు మండింది.

మర్నాడు ఆదిబాబు లారీ మాట్లాడతానంటే, దారిలో అద్దం పగిలిపోతుందని, రైలు పార్సిల్లో పంపిద్దామని పట్టుబట్టాడు. మిషన్‌ని గోనెల్లో చుట్టి, టెంపో ఎక్కించి, తనూ దాని పక్కనే కూర్చుని టాటానగర్ స్టేషన్‌కి వెళ్ళాడు. దారి పొడుగునా ఒక్కటే మాట మనసులో అప్పజెప్పుకున్నాడు. పార్సిల్ ఆఫీసులో జనం లేకపోతే బాగుండునని మొక్కుకున్నాడు.

పార్సిల్ ఆఫీసులో జనం లేకపోవడమేమిటి? చేపల బుట్టలవాళ్ళు, కూలీలు, స్కూటరు బుక్ చేయడానికి వచ్చిన సర్దార్జీ, గదంతా కిక్కిరిసి ఉంది. బల్ల వెనకాల కళ్ళద్దాల పెద్దాయన తలెత్తకుండా, లోపల ఏముందని అడిగాడు.

“భూతం మిషనండి. కద్మా నుంచి.”

నీలకంఠం కలం కింద పెట్టి లేచి వచ్చాడు. గోనె మీద చెయ్యి వేసి, ఎవరి పెళ్ళికి వెళ్ళలేకపోయాడో ఆ చుట్టాన్ని చూసినట్టు చూశాడు. ఏమిటేమిటని కూలీలు దగ్గరికి వచ్చారు. సర్దార్జీ కూడా వచ్చాడు.

“ఇదేనేటి? ఎల్లిపోతందా?” అన్నాడు నీలకంఠం. “బాబూ, ఆ పై తలుపు ఎనకాల ఏటుందో నువ్వైనా సెప్పు. మా పిల్ల సెప్పడం నేదు.”

“నాకూ తెలీదండి. అందాకా ఎల్లింది మీ అమ్మాయి ఒక్కర్తే.” అన్నాడు పోలరాజు. ఇంతమందిలో కాదంటే రేపటికి ఊరంతా నవ్వుతుంది. అయినా ఆగలేదు. “నాను అందుకు రానేదండి. లారీలో పంపొచ్చు, మీరుంటారనే ఇటొచ్చాను. నాకు మీ అమ్మాయంటే ఇష్టం. పెళ్ళి సేసుకోవాలని ఉంది.”

తెలుగు రాని కూలీలకి కూడా విషయం అర్థమైంది. నీలకంఠం కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. ఏ ఊరని, ఎవరబ్బాయివని, ఆదిబాబు ఏమవుతాడని వరసగా అడిగాడు. ఆదిబాబుని ఆయన ఎరుగును.

“ఈ మిషన్ ఎల్లిపోతే షాపు నడుత్తాదా?”

“కార్లది బాగానే నడుత్తందండి. ఇదే, అందరికీ నచ్చింది, ఎవురూ ఆడలేదు.”

“మా పిల్లకి తెలుసా, నువ్వు ఇలగ వచ్చినట్టు?”

“తెలీదండి. నిన్న తిట్టింది.”

“ఏటని?”

“బిళ్ల ఎయ్యనని.”

నీలకంఠానికి అర్థం కాలేదు కాని, కూతురు తిట్టిందంటే మనిషి పనికొస్తాడని మాత్రం అనిపించింది. అమ్మాయి సరేనంటే తనకేం అభ్యంతరం లేదని, ఆదివారం మావయ్యని తీసుకుని క్వార్టరుకి రమ్మని చెప్పి, మళ్ళీ కలం అందుకున్నాడు. సర్దార్జీ పోలరాజు వీపు మీద ఒక్కటి చరిచాడు. ఆ దెబ్బకి రెండు రోజులు నొప్పి పుట్టింది.

మిషన్ ఆ సాయంత్రమే కలకత్తా వెళ్ళిపోయింది.

ఆదివారం క్వార్టర్లో పెద్దవాళ్ళు ముందుగదిలో కూర్చున్నారు. ఆదిబాబు మాట మాటకీ కొత్త కార్ల మిషన్ గొప్ప చెబుతున్నాడు. అమ్మాయి ఎప్పుడో సరేనంది కనక చూపుల తతంగం కూడా లేదు. జగదాంబ వెనక వరండాలో టీ గ్లాసు ఇస్తూ, పార్సిల్ ఆఫీసులో అంతమంది ముందు నిజంగానే అడిగారా అంది.

“అడిగాను. కాళ్ళు వణికాయి.”

“నాన్న కూడా అదే సెప్పారు, వణికాడు గాని కదల్లేదని.” “సరే. మీరు బిళ్ల ఏసినట్టే. ఆ తలుపు ఎనకాల ఏటుందో సెప్తాను.”

పోలరాజు గ్లాసు పక్కన పెట్టాడు.

“ఏటీ లేదు. ఖాళీ గది. ఒక కిటికీ ఉంటాది. కిటికీలోంచి తెల్లారతా ఉంటాది. అంతే.”

“దెయ్యం?”

“లేదు. తెల్లారిపోద్ది గదా.”

పోలరాజుకి అప్పుడు తట్టింది. ఆమె ఆ ఒక్క మాట బయట పెట్టి ఉంటే బలరామూ, సోనారి వాళ్ళూ ఆ నాలుగు బిళ్లలు కూడా వేసేవారు కాదు. తన షాపు కోసం, తను మనసులో మాట బయట పెట్టకముందు నుంచే, ఇంట్లో నాన్నకి సైతం చెప్పకుండా దాచింది. ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె వదిలించుకోలేదు.

కిటికీ అవతల పేపరు చాటున నీలకంఠం దగ్గాడు. “ఇంతేనేటే? మరి ఇన్నాళ్ళూ నాకు సెప్పవేటి?”

“మీరు బిళ్ల ఎయ్యలేదు గదా నాన్నా,” అంది జగదాంబ.