పది లెక్కపెట్టేదాకా వదలకు

తూటా వర్క్‌షాప్ కిటికీ అద్దాన్ని పగలగొట్టుకుని వచ్చి ఇంజినీర్ మెడలో దిగింది. చేతిలోని సోల్డరింగ్ ఐరన్ జారి బల్ల మీద పడింది. మనిషి నేలకి చేరేలోపే ప్రాణం పోయింది. పదకొండు రోజులు కూర్చోబెట్టి పని చేయించుకున్నవాళ్ళు, పని పూర్తయిన పావుగంటకి కృతజ్ఞత అలా చూపించారు.

పదింటికి పెద్దాయన గదిలో బ్రీఫింగ్. పెద్దాయన అంటే ఇంటెలిజెన్స్ చీఫ్. ఎదురుగా నిలబడ్డ ఏజెంటుని ఆఫీసులో అందరూ జిగురు అంటారు, పట్టుకున్నది వదలడు కాబట్టి. చచ్చిపోయిన ఇంజినీర్ అతని సొంత బావ.

"ఏడవాలంటే సాయంత్రం ఏడువు," అన్నాడు పెద్దాయన. "విదేశీ గ్యాంగ్ మీ అక్కని ఎత్తుకెళ్ళింది. ఆమె తలకి పిస్టల్ పెట్టి మీ బావ చేత బాంబు కంట్రోలర్ చేయించింది. పన్నెండింటికి కాన్ఫరెన్స్ భవనంలో రెండు దేశాల మంత్రులు సంతకాలు పెట్టాలి. బాంబు ఆ భవనంలోనే ఉంది."

"అక్క?"

"బాంబు పక్కనే కట్టేశారట. నెమలి చెప్పింది."

నెమలి మన డబుల్ ఏజెంట్. రెండేళ్ళుగా గ్యాంగులో ఉంటూ మనకి కబుర్లు చేరవేస్తోంది. ఆమె నవ్వితే ఫైళ్ళు వాటంతటవే తెరుచుకుంటాయని ఆఫీసులో జోకు.

"మంత్రులతో సహా కాన్ఫరెన్స్‌కి వచ్చిన మూడొందల మందిని బయట నిలబెట్టాను. నువ్వు మైకులో ఆల్ క్లియర్ అంటేనే లోపలికి పంపిస్తాను. వెళ్ళు."

జిగురుకి మంత్రులు గుర్తులేరు. సంతకాలు గుర్తులేవు. అక్క ఒక్కతే గుర్తుంది.

పదకొండున్నరకి ఏసీ మెకానిక్ యూనిఫాంలో సర్వీస్ లిఫ్ట్ దిగాడు. బేస్‌మెంట్ కారిడార్లో ఎలక్ట్రీషియన్ వేషంలో ఒకడు నిచ్చెన మీంచి చూశాడు.

"ఏం పని?"

"ఫిల్టర్ మార్చాలి."

వాడి చెయ్యి చొక్కా కిందకి వెళ్ళింది. జిగురు నిచ్చెన కాలు లాగేశాడు. వాడు పడుతూనే కత్తి విసిరాడు, అది చెవి చీల్చుకుంటూ పోయింది. పైప్ రెంచితో దవడ మీద ఒకటి, కణత మీద ఇంకొకటి. రెండోది అవసరం లేకపోయినా బావ పేరు మీద కొట్టాడు.

"శుభ్రమైన పని," అంటూ తలుపు తీసింది నెమలి. పట్టు చొక్కా, ఎత్తు మడమల బూట్లు. శవం రక్తం అంటకుండా జాగ్రత్తగా దాటింది. "రా, టైం లేదు."

పంప్ రూములో అక్క ఇనప కుర్చీకి కట్టేసి ఉంది. నోటికి టేపు. ఆమె పక్కన రెండు పంపుల మధ్య లంచ్ బాక్సంత పెట్టె. దాని మీద ఒక ఆకుపచ్చ లైటు, ఒకే ఒక్క బటన్.

"మూడు సెకన్లు నొక్కు, ఆఫ్ అవుతుంది. నా కళ్ళతో చూశాను," అంది నెమలి.

నొక్కాడు. మూడు లెక్కపెట్టి వదిలాడు. లైటు ఆరిపోయింది. జిగురుకి ఊపిరి తిరిగొచ్చింది.

"ఆల్ క్లియర్ చెప్పెయ్. ఆవిణ్ణి నేను విప్పుతాను."

అక్క తల అడ్డంగా ఊపేస్తోంది. తాళ్ళు కోసుకుని మణికట్టు రక్తం కారుతోంది. జిగురు మైకు దగ్గరికి వెళ్ళిన చేతిని వెనక్కి తీసుకుని ఆమె నోటి టేపు లాగాడు. పెదవి తోలు కూడా ఊడొచ్చింది.

"అది చావలేదురా, పడుకుంది! మనింటి గీజర్‌కి మీ బావ చేసిన బాక్స్ గుర్తులేదా? లోపల గడియారం తిరుగుతూనే ఉంది. పన్నెండుంబావుకి లేచి పేలుతుంది! పది సెకన్లు పట్టుకుంటే గానీ కరెంటు తెగదు!"

బావ ఏం తయారుచేసినా ఒకటే బటన్ పెట్టేవాడు. తడితే మేలుకుంటుంది, మూడు సెకన్లకి నిద్రపోతుంది, పది సెకన్లకి పూర్తిగా ఆగిపోతుంది. ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ లైటు ఆరగానే ఆగిపోయిందనుకుని వదిలేసేవాడు. జిగురూ ఇప్పుడు ఆ చుట్టాల పనే చేశాడు.

నెమలి చేతిలోకి పిస్టల్ వచ్చింది. ఇన్నాళ్ళూ ఎవరి మనిషో అప్పుడు తెలిసింది.

"ఆల్ క్లియర్ నేను చెప్పినా పెద్దాయన నమ్ముతాడులే," అంది.

జిగురు పెట్టె మీదకి దూకి బటన్ మీద బొటనవేలు పెట్టాడు. తూటా ఎడమ భుజంలో దిగింది. ఒకటి. రెండు. నెమలి వచ్చి బూటు మడమతో ఆ గాయం మీదే తొక్కింది. అతను అరిచాడు గానీ వేలు తియ్యలేదు. మూడు. నాలుగు. పిస్టల్ తలకి ఆనించింది.

"కాల్చవే, కాల్చు!" అంది అక్క. "మూడు దాటాక పది లోపు వేలు లేస్తే ఇప్పుడే పేలుతుంది. మీ బాసే అలా పెట్టించాడు!"

నెమలి మొహం పాలిపోయింది. "నాకెవరూ చెప్పలేదే!"

"చచ్చేదానికి చెప్పడం ఎందుకనుకున్నాడేమో."

ఆరు. భుజం నుంచి కారిన రక్తానికి బటన్ తడిసి వేలు జారుతోంది. ఏడు. పిస్టల్ కింద పడింది. నెమలి రెండు చేతులూ అతని బొటనవేలి మీద వేసి, ఒంట్లో బలమంతా పెట్టి అదిమింది.

"వదలకు, ప్లీజ్, వదలకు," అంటోంది.

ఎనిమిది. తొమ్మిది. పది.

పెట్టెలో టిక్కుమంది. గడియారం ఆగింది.

మరుక్షణం ఆమె పిస్టల్ కోసం వంగింది. రెంచి ఆ చేతి ఎముకలు విరిచింది. రెండో చెయ్యి చాచేసరికి అక్క కుర్చీతో సహా మీద పడింది. నెమలి తల పంపు అంచుకి తగిలింది. మళ్ళీ లేవలేదు.

"క్లియరా?" చెవిలో పెద్దాయన.

"ఇప్పుడు క్లియర్ సార్."

సాయంత్రమైంది. పెద్దాయన ఏడవడానికి ఇచ్చిన టైం. భుజానికి కట్టుతో జిగురు, మణికట్లకి కట్లతో అక్క, ఇంట్లో గీజర్ బాక్స్ ముందు నిలబడ్డారు. పదకొండు రోజుల క్రితం బావ ఆన్ చేసి వెళ్ళిన ఆకుపచ్చ లైటు ఇంకా వెలుగుతోంది. అది చూసి అక్క మొదటిసారి బావురుమంది. చాలాసేపు ఏడ్చింది.

జిగురు బొటనవేలు చాచాడు.

"మూడే లెక్కపెట్టరా," అంది అక్క. "దాన్నైనా పడుకోనీ."

మూడు లెక్కపెట్టాడు. పట్టుకున్నది వదలడమే తెలియనివాడు, బుద్ధిగా వేలు తీసేశాడు.